రుమాలు లేని సీటు

మా ఇంట్లో బాపు పటం, అంటే మా నాన్న పటం, ఒక కార్టూను. గోడకు దండతో వేలాడుతున్న దాన్ని చూసి ఇంటికి వచ్చినవాళ్లు ముందు నవ్వుతారు, తర్వాత నా ముఖం చూసి ఆ నవ్వు మింగేస్తారు. నవ్వినందుకు నాకు కోపం లేదు. మింగినందుకే వాళ్లంటే చులకన. నవ్వించడానికి గీసిన బొమ్మ ముందు నవ్వే ధైర్యం లేనివాడితో కూర్చుని చాయ్ తాగడం నాకు ఇష్టం ఉండదు.

అలాగని కార్టూనిస్టులంటే నాకు భక్తి ఉందనుకోవద్దు. నేను చూసినవాళ్లలో ఎక్కువమంది బద్ధకస్తులు. పామును గీసి దాని పొట్ట మీద ‘అవినీతి’ అని రాస్తారు. పక్కన బక్కమనిషిని గీసి చొక్కా మీద ‘సామాన్యుడు’ అని రాస్తారు. బొమ్మలో చెప్పడం చేతకానివాడే పేర్లు రాసుకుంటాడు. పండు బొమ్మ కింద ‘మామిడిపండు’ అని రాసే ఒకటో తరగతి పుస్తకానికీ వీళ్లకూ నాకు తేడా కనిపించదు. వారపత్రికల్లో ఇంకో రకం ఉండేవాళ్లు. అప్పడాల కర్ర ఎత్తిన భార్య, మంచం కింద దూరిన భర్త. నా చిన్నతనంలో మంచం కింద దూరిన ఆ మనిషి నాకు అరవై దాటినా బయటికి రాలేదు. ఇప్పుడు ఫోనుల్లో తిరిగేవాటి సంగతి చెప్పుకోవడమే దండగ. వాటిని గీసేవాడే లేడు. యంత్రానికి ఏదో చెబుతారు, అది ఆరువేళ్ల చేతులతో ఒక మనిషిని తయారుచేసి ఇస్తుంది, వీళ్లు దాని కింద తమ పేరు వేసుకుంటారు.

దొరను గీయడంలో మాత్రం వీళ్ల బద్ధకానికి హద్దు లేదు. బాన పొట్ట, మెలితిప్పిన మీసం, చేతిలో కొరడా, కాలి కింద రైతు. మాది కరీంనగర్‌కు కొంత దూరంలో ఒక ఊళ్లో గడి, అంటే కోట లాంటి దొరల ఇల్లు, ఉన్న కుటుంబం. మా వంశంలో పొట్ట ఉన్నవాడు ఒక్కడూ లేడు. మా తాత తిండి కన్నా కోర్టుల మీద ఎక్కువ ఖర్చు పెట్టిన మనిషి, ఎముకల గూడులా ఉండేవాడు. కొరడా అన్నది నేను మొదటిసారి చూసింది కార్టూనులోనే. మా తాతకు దాని అవసరం రాలేదు. తల తిప్పి చూస్తే చాలు, వాకిట్లో ఉన్నవాళ్లు చెప్పులు చేతిలోకి తీసుకునేవాళ్లు. అది గీయమనండి చూద్దాం. ఎదుటివాడి చేతిలో చెప్పులు గీసి, దొరను గీయకుండా దొరను చూపించమనండి. చేతకాదు. అందుకే పొట్ట గీస్తారు.

నాకు నచ్చినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టే అంతమంది. పిల్లల మాసపత్రికలో రాజుల కథలకు బొమ్మల సీరియల్ వేసే ఒకాయన ఉండేవాడు. ఎక్కడివాడో తెలియదు. అతని రాజులకు కూర్చోవడం తెలుసు. మిగతావాళ్లు గీసిన రాజులు సింహాసనం మీద క్షవరానికి కూర్చున్నట్టు వాలిపోయి ఉంటారు. ఈయన రాజు కాళ్లు రెండూ నేలకు ఆనించి, చేతులు మోకాళ్ల మీద పెట్టి కూర్చుంటాడు. ఎదుట వంగిన భటుడి కాలివేళ్లు మాత్రం నేలను గట్టిగా పట్టుకుని ఉంటాయి. భయం ముఖంలో కాదు, కాలివేళ్లలో ఉంటుందని ఆయనకు తెలుసు. మా వాకిట్లో నిలబడ్డవాళ్ల పాదాలు రోజూ చూస్తూ పెరిగిన నాకు ఆ బొమ్మ అబద్ధం కాదని తెలుసు.

ఇంకొకాయన మా జిల్లావాడే. పద్మశాలీల ఇంట్లో పుట్టి, మరమగ్గాల మోతలో పెరిగి, పత్రిక జిల్లా పేజీలకు కార్టూన్లు వేసేవాడు. పత్రికవాళ్లు ఇచ్చేది బస్సు చార్జీలకే సరిపోయేదని ఆయనే చెప్పాడు. వేములవాడ మీద ఆయన వేసిన ఒకటి నాకు ఇప్పటికీ కళ్ల ముందు ఉంది. గుళ్లో స్తంభానికి మొక్కుల కోడెను కట్టేశారు. పక్కన దర్శనానికి జనం క్యూ. కోడె మెడలో మొదలైన తాడు గీత స్తంభం చుట్టూ తిరిగి, అదే క్యూకు కట్టిన తాడయి, జనం నడుముల పక్క నుంచి కాగితం చివరిదాకా పోతుంది. ఎక్కడా తెగదు. కోడె తాపీగా నెమరేస్తూ జనాన్ని చూస్తుంటుంది. ఒక్క మాట లేదు. ఉట్నూరు జీపు మీద ఇంకొకటి వేశాడు. అందులో జీపే లేదు. మనుషులు, మూటలు, కోళ్లు ఒక గుట్టలా వేలాడుతుంటారు. కింద చక్రం అంచు కొద్దిగా, పక్కకు డ్రైవర్ కాలు ఒకటి. అంతే. చూసినవాడికి ఇంజను మోత కూడా వినబడుతుంది. ఏది గీయకూడదో తెలిసినవాడే బొమ్మలు గీయాలి. మిగతావాళ్లు గోడలకు సున్నం వేసుకోవచ్చు.

మా బాపును గీసింది ఈయనే.

నక్సలైట్ల గొడవల రోజుల్లో గడి పోయింది. లోపలి నూనెరంగుల పటాలన్నీ వాకిట్లో వేసి కాల్చారు. మేము కరీంనగర్ వచ్చి రెండు గదుల అద్దె ఇంట్లో పడ్డాం. బాపు అన్నీ వదులుకున్నాడు, ఒక్కటి తప్ప. ఆర్టీసీ బస్సు ఎక్కితే రెండు టికెట్లు తీసుకునేవాడు. ఒకటి తనకు, ఒకటి పక్క సీటుకు. గడిలో ఆయన పక్కన ఎవరూ కూర్చునేవాళ్లు కాదు, బస్సులోనూ కూర్చోకూడదు. కండక్టర్లకు ఇది అలవాటైంది. కొత్తవాడెవడైనా “ఇంకొకరు ఎక్కడ దొరా?” అంటే “ఎవరు రారు. రెండు కొట్టు” అనేవాడు. చుట్టూ జనం ఒకరి మీద ఒకరు పడుతున్నా ఆయన పక్క సీటు అలాగే ఉండేది. సీటు వెనకకు ఎన్నడూ ఆనుకునేవాడు కాదు.

ఈ కార్టూనిస్టు వారానికోసారి అదే బస్సులో పత్రిక ఆఫీసుకు వచ్చేవాడట. ఆ ఖాళీ సీటు పక్కన కాళ్లు పీకేదాకా నిలబడినవాడు. ఒకనాడు పేపర్లో బొమ్మ వచ్చింది. బస్సు నిండా జనం. ఒకడి చంకలోంచి ఇంకొకడి తల. ఒక మేక కండక్టరు సంచిలోకి తొంగిచూస్తోంది. నడుమ రెండు సీట్లు. ఒకదాంట్లో బాపు. రెండోదాంట్లో పరిచిన రుమాలు. బాపు వెన్ను ఒక్కటే గీత. పై నుంచి కిందికి, చేయి ఎత్తకుండా లాగిన గీత. దానికీ సీటుకూ మధ్య సన్నగా తెల్ల కాగితం.

మా ఇంటి యజమాని ఆ పేపరు పట్టుకుని పనిగట్టుకుని పైకి వచ్చాడు. “దొరా, పేపర్ల పడ్డరు!” అన్నాడు పళ్లన్నీ బయటపెట్టి. బాపు పేపరు తీసుకుని చూశాడు. పేపరు మడిచి నా చేతికిచ్చి “గీసినోన్ని తోల్కరా” అన్నాడు.

పోయి తీసుకొచ్చాను. దారి పొడవునా ఆ మనిషి నాకు రెండడుగుల వెనకే నడిచాడు. దెబ్బలు పడతాయనుకున్నాడని తర్వాత తెలిసింది. మా ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీలో బాపు కూర్చున్నాడు. ఆయన నిలబడ్డాడు.

“నువ్వేనా గిది గీసింది?”

“నేనే దొరా. తప్పయితే…”

“తప్పే.” బాపు వేలు బొమ్మ మీద పెట్టాడు. “ఎన్ను మంచిగ గీసినవ్. గిది ఇంతవరకు ఎవ్వనికి చాతగాలే. గని పక్క సీటు మీద రుమాలు ఎందుకేసినవ్?”

“సీటు ఆపినట్టు తెలవాలె గద దొరా. ఉత్తగ ఉంటే చూసెటోళ్లకు సమజ్ గాదు.”

“రుమాలు ఎవడేస్తడు? సీటు దొరుకుతదో దొరకదోనని బుగులు పడెటోడు కిటికీలకెళ్లి ఏస్తడు. నేను టికెట్ తీసుకున్న. ఉత్తగున్నా గా సీటు నాదే. తీసెయ్ రుమాలు.”

“పేపర్ల అచ్చయిపోయింది గద దొరా.”

“పేపరు రేపు మిర్చిబజ్జీలకు పోతది. నువ్వు గీసిన అసలు బొమ్మ ఉంటది గద, దాంట్ల తీసెయ్. తీసి నాకియ్యి.”

తెచ్చాడు. రుమాలు ఉన్నచోట తెల్లరంగు పూశాడు. బాపు చూసి “గిప్పుడు బొమ్మ అయింది” అన్నాడు. అందులో ముఖస్తుతి లేదు. రుమాలు ఉన్నప్పుడు అది సీటు ఆపుకున్న ముసలివాడి మీద జోకు. రుమాలు పోయాక బస్సులో ఉన్న అందరి కళ్లూ, ఆ మేక కళ్లతో సహా, ఆ ఖాళీ మీదే పడ్డాయి. అడగడానికి ఒక్కడికీ నోరు రావడం లేదు. ఇప్పుడు అది అందరి మీదా జోకు. గీసినవాడికి తట్టనిది గీయించుకున్నవాడికి తట్టింది.

మా ఇంట్లో ఒక ఆచారం ఉండేది. ఇంటి పెద్దకు యాభై నిండాక నూనెరంగుల పటం వేయిస్తారు, అంతకుముందు ఫోటో దిగకూడదు. బాపుకు యాభై నిండేనాటికి గడీ లేదు, రంగులవాణ్ణి పిలిపించే స్తోమతా లేదు. ఫోటో మాత్రం దిగలేదు. ఓటరు కార్డుకు రమ్మంటే “నా ఓటు నాకు యాదికుంది, ఫోటో ఎందుకు?” అని పంపేశాడు. ఆయన పోయాక కర్మల రోజు పటం కావలసి వచ్చింది. అమ్మ పెట్టెలోంచి ఈ కార్టూను తీసి గోడకు పెట్టింది.

“గిది కార్టూను గదమ్మా. జనం నవ్వుతరు” అన్నాడు కర్మలు చేయించే అయ్యగారు.

“నవ్వనియ్యి. బతికున్నప్పుడు ఎనక నవ్వలేదా? గిప్పుడు ముందట నవ్వుతరు” అంది అమ్మ.

కుంకుమ పెట్టింది. బొమ్మలో బాపు ముఖం బొటనవేలి గోరంత. బొట్టుకు ముఖమంతా మునిగిపోయింది. అప్పటి నుంచి మా బాపుకు ముఖం లేదు, వెన్ను ఒక్కటే ఉంది. ఆయన పోలిక ఈ లోకంలో ఇంకెక్కడా లేదు.

కిందటి చలికాలం ఇద్దరు మనుషులు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. మంచిర్యాలలో ఏదో కళాసంఘమట. జిల్లా అయ్యాక ఆ ఊరికి కలెక్టరాఫీసుతో పాటు కళ కూడా కావలసి వచ్చినట్టుంది. ఆ కార్టూనిస్టుకు సన్మానం, ఆయన బొమ్మల ప్రదర్శన. పత్రిక ఆఫీసు మారినప్పుడు అసలు బొమ్మలన్నీ చిత్తుకాగితాల్లో పోయాయని, మిగిలింది మా గోడ మీదిదొక్కటేనని, అది కావాలని అడిగారు. వాళ్లలో ఒకడు లెక్చరరు, మెడలో ఏదో బిళ్ల. రెండోవాడు కంప్యూటరులో డిజైన్లు చేసేవాడు. దండ చూసి ఇద్దరూ నవ్వు మింగారు.

“బొట్టు జర క్లీన్ చేపిస్తం సార్. మంచిగ కొత్తదాని లెక్క చేసి ఇస్తం” అన్నాడు డిజైన్లవాడు.

“ముట్టుకోవద్దు. కింద ఏం రాయొద్దు. నేనే తెస్త, నేనే తీస్కపోత” అన్నాను. ఫోనుతో ఒక ఫోటో తీసుకుని పోయారు. ఇవ్వడానికి ఒప్పుకున్నది వాళ్ల కోసం కాదు. ఆ గీత గీసిన చేయి ఆ గీతను మళ్లీ ఒకసారి చూడాలి కదా.

బాపు పటాన్ని ధోవతిలో చుట్టి మంచిర్యాల పోయాను. నేను రెండు టికెట్లు తీసుకోను. ఇప్పుడు బస్సుల్లో ఆడవాళ్లకు ఉచితం, గాలికి కూడా చోటు లేనంత రద్దీ. కూర్చుంటే పక్కన ఎవడో ఒకడు కూర్చుంటాడు. అందుకని నిలబడతాను.

ప్రదర్శన హాలు గేటుకు పెద్ద ఫ్లెక్సీ కట్టారు. దాని మీద మా బాపు. కాదు, మా బాపు ఉండవలసిన చోట ఎవడో. బాన పొట్ట. మెలితిప్పిన మీసం. చేతిలో కొరడా. పక్క సీటు మీద ఎర్రటి కండువా. కింద లావు అక్షరాలతో ‘దొరతనం’. అవన్నీ ఒక ఎత్తు, ఆ మనిషిని సీటుకు ఆనించి కూర్చోబెట్టడం ఒక ఎత్తు. వెన్నుకూ సీటుకూ మధ్య ఉన్న ఆ తెల్ల సందు పూడ్చేశారు.

డిజైన్లవాడు ఎదురొచ్చాడు. “ఎట్లుంది సార్? బొట్టు కింద ముఖం కనబడ్తలేదు గద, కొత్తది పెట్టిన. పొట్ట లేకుంటే దొరని ఎవరు గుర్తుపడ్తరు?”

“పొట్ట లేని దొరను నువ్వు చూసినవా?”

“లే సార్. అసలు దొరలనే చూడలే.”

“చూస్తున్నవ్” అన్నాను. వాడికి అర్థం కాలేదు.

నేను తెచ్చిన అసలు బొమ్మను తీసుకుని లోపల మూలన, ఫ్యాను రెగ్యులేటరు పక్కన వేలాడదీశారు. జనమంతా బయట ఫ్లెక్సీ ముందు సెల్ఫీలు దిగుతున్నారు. కార్టూనిస్టు వచ్చాడు. డెబ్బై దాటాయి, చేయి వణుకుతోంది. శాలువా కప్పారు, మైకులో ఏవేవో అన్నారు. తర్వాత ఫ్లెక్సీ దగ్గరికి తీసుకుపోయి లావు పెన్ను చేతిలో పెట్టి సంతకం చేయమన్నారు. నేను చూస్తూ నిలబడ్డాను. ఒక్క మాట అంటాడనుకున్నాను. సంతకం చేశాడు. ఫోటోకు నవ్వాడు కూడా.

జనం పలచబడ్డాక దగ్గరికి పోయాను. “గది నీ గీతనా?”

“కాదు దొరా.”

“మరి సంతకం?”

“పోరగాళ్లు ఖుషీ అయితుండ్రు. ఇన్నేండ్లకు నన్ను యాదికి తెచ్చుకున్నరు. గంతే సాలు.”

“సీటుకు ఆనిచ్చిండ్రు.”

“చూసిన.” పక్కకు తిరిగాడు. “మీ బాపు అయితే గా ఫ్లెక్సీ ఈపాటికి చింపుతుండె. మీరేమో వచ్చి నన్ను అడుగుతుండ్రు.”

ఆ మాట తగలవలసిన చోటే తగిలింది. కానీ చింపాలంటే దాన్ని ముట్టుకోవాలి. లోపలికి పోయి గోడ మీది పటం తీశాను. లెక్చరరు పరుగెత్తుకొచ్చాడు.

“సార్ సార్, ఆదివారం దాకా ఉంటది ప్రోగ్రాం! అసలు బొమ్మ లేకుంటే ఎట్ల?”

“మీ బొమ్మ బయట ఉంది గద. దాని ముందట దిగుండ్రి ఫోటోలు. మా బాపు ఇంటికి పోతుండు.”

నాకు చులకన వాళ్ల మీద కాదు. వాళ్లకు తెలియదు, తెలియనివాడి మీద ఏం చులకన. తెలిసీ సంతకం చేసినవాడి మీద. అంత నిటారు గీత గీసిన మనిషికి తన వెన్ను నిలబెట్టుకోవడం రాలేదు. గీత గీయడం వేరు, దాని మీద నిలబడడం వేరు. చిన్నప్పటి ఆ రాజుల బొమ్మలాయనను నేను ఎన్నడూ కలవలేదు. అది మంచిదే అయింది.

మంచిర్యాల బస్టాండులో కరీంనగర్ బస్సు వచ్చీ రాగానే కిటికీల్లోంచి రుమాళ్లు, టవళ్లు, స్కూలు సంచులు పడ్డాయి. నేను అందరూ ఎక్కినాక ఎక్కాను. పటం చంకలో ఉంది. లోపలి నుంచి కేక.

“దొరా! గిటు రాండ్రి! మీకు సీటు ఆపిన!”

కార్టూనిస్టు. పక్క సీటు మీద సన్మానపు శాలువా పరిచి ఉంది. చుట్టూ నిలబడ్డవాళ్లు ఆయన్ను తిడుతున్నారు. “ఎంతసేపు ఆపుతవ్ తాతా, మనిషెక్కడ?” అంటోంది చంకలో పిల్లతో ఒకామె. “ఉన్నడు, వచ్చిండు” అంటున్నాడు ఆయన వణికే చేయి శాలువా మీద అదిమిపట్టి.

నేను దగ్గరికి పోయి నిలబడ్డాను. కూర్చోలేదు.

ఆయన నా ముఖం చూశాడు, నా చంకలో పటం చూశాడు, శాలువా చూశాడు. “సరే, రుమాలు గిట్టదు గద మీకు” అని శాలువా లాగి ఒళ్లో ముద్దగా పెట్టుకున్నాడు. సీటు ఉత్తగా మిగిలింది. పిల్లతో ఉన్నామె కదలబోయేలోగా నేను ధోవతి విప్పి పటాన్ని ఆ సీటు మీద పెట్టాను, సీటు వెనకకు ఆనకుండా కొంచెం ముందుకు జరిపి.

కండక్టరమ్మ వచ్చింది. “గా ఫోటో తీసి కూసో పెద్దాయనా. లేకుంటే ఇంకొకరన్న కూసుంటరు.”

“కరీంనగర్. రెండు కొట్టమ్మా.”

“ఇంకొకరెవరు?”

“సీటుకు.”

“ఫోటోకు టికెట్ లేదు.”

“ఫోటోకు కాదు, సీటుకు. పైసలు ఇస్తున్న గద.”

ఆమె మిషను మీద రెండుసార్లు నొక్కి, తల కొట్టుకుంటూ ముందుకు పోయింది. పిల్లతో ఉన్నామె పక్కనామెను మోచేత్తో పొడిచింది. “చూసినవానే? సచ్చినాయనకు సీటంట, పిల్లను ఎత్తుకున్న నేను నిలబడాల్నంట! ముఖం గూడ లేదు గాయనకు, పొగరు సూడు!” అని బస్సంతా వినబడేలా నవ్వింది. మింగలేదు. ఆ బొమ్మ గురించి ఆ రోజు నేను విన్న విమర్శల్లో అదొక్కటే వినదగినది. లెక్చరరు మైకులో అరగంట మాట్లాడీ అంత దూరం పోలేకపోయాడు.

కార్టూనిస్టు కూడా నవ్వాడు. తర్వాత పటం వైపు తిరిగి కూర్చున్నాడు. గోదావరిఖని దాటాక గమనించాను. శాలువా మీద ఆయన చూపుడువేలు కదులుతోంది. పై నుంచి కిందికి ఒక గీత. చేయి వణికి అది మధ్యలో వంకరపోయింది. అరచేత్తో శాలువా సాపు చేసి మళ్లీ పై నుంచి మొదలుపెట్టాడు.

నేను కమ్మీకి ఆనుకోకుండా నిలబడి ఉన్నాను.